వేరు నాది, కొమ్మ వాడిది

మార్చి 9

బాత్కెన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ తేల్చి చెప్పింది: బీపీ బాగా ఎక్కువగా ఉంది, ఇక మీదట అరవకూడదు. అరవకుండా ఈ లోయలో ఎలా బతకాలో మాత్రం చెప్పలేదు. ఇంటికి రాగానే నా పెళ్లాం అనార్‌ఖాన్ మనవరాలి పాత నోట్‌బుక్ ఒకటి నా ముందు పడేసింది.

"అరవాలనిపించినప్పుడల్లా ఇందులో అరుచుకో. నా చెవులకైనా విశ్రాంతి."

సరే, అరుస్తున్నాను. మీర్జోషరీఫ్ దొంగ. మీర్జోషరీఫ్ ముసలి నక్క. మీర్జోషరీఫ్ మొహం ఈ జన్మలో చూడను.

కాస్త నయంగా ఉంది.

మార్చి 10

నిన్న కోపంలో అసలు సంగతి రాయలేదు. రేపు వ్యవహారం కోర్టు దాకా పోతే పనికొస్తుంది కాబట్టి వరసగా రాసుకుంటాను.

మా కిర్గిజ్‌ల ఉచ్-దోబోకీ, తాజిక్‌ల సంగిబోలోకీ మధ్య రాళ్లచేను ఉంది. సోవియట్ రోజుల్లో దాని మొహం చూసినవాడు లేడు. గొర్రెలు కూడా అక్కడ ఆగకుండా పోయేవి. అప్పుడు మాదీ వాళ్లదీ ఒకటే సామూహిక క్షేత్రం. నేను ట్రాక్టర్ నడిపేవాణ్ణి, మీర్జోషరీఫ్ తోటలో చెట్లకి అంటు కట్టేవాడు. సరిహద్దు ఎక్కడుందని ఎవరైనా అడిగితే తాగొచ్చాడనుకునేవాళ్లం. మాస్కో వాళ్లు ఒక మ్యాపులో ఆ చేను మాకు రాశారు, ఇంకో మ్యాపులో వాళ్లకు రాశారు. రెండింటి మీదా ముద్ర ఉంది. దేశాలు రెండయ్యాక ఆ రాళ్లు బంగారమైపోయాయి.

కిందటి శరదృతువులో మా ఊరి పెద్ద ఎర్గెష్ మా ఇంటికొచ్చాడు. వాడు అనార్‌ఖాన్ తమ్ముడు.

"బావా, సరిహద్దు తేల్చే కమిషన్ వస్తే చూసేది కాయితాలు కాదు, చెట్లు. నాటినోడిదే నేల. మన ఊళ్లో నీకంటే ఓపికున్నోడు ఎవడున్నాడు చెప్పు?"

ఓపికున్నోడివంటే నేను పొంగిపోతానని వాడికి తెలుసు. పెరట్లో గింజ వేసి నేను పెంచిన ఆప్రికాట్ మొక్కలన్నీ తీసుకెళ్లి రాళ్లచేలో వరసలుగా నాటాను. చలికాలం గడిచింది. బతికాయో లేదో చూద్దామని మొన్న వెళ్లాను. బతికాయి. కానీ నా వరసకీ వరసకీ మధ్య ఉన్న ఖాళీలో ఇంకో వరస ఉంది. తాడు పట్టి నాటినంత తిన్నగా ఉంది. అంత తిన్నగా నాటేవాడు ఈ లోయలో ఒక్కడే.

మీర్జోషరీఫ్‌తో కలిసి మూర్మాన్స్క్‌లో సైన్యంలో పనిచేశాను. ఒకే దుప్పటి కింద వణికాం. నాకు చెప్పకుండా నాటాడు! చెప్పి నాటి ఉంటే అది వేరు.

"మరి నువ్వు చెప్పి నాటావా?" అంది అనార్‌ఖాన్.

దానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 21

నూరూజ్, మా కొత్త సంవత్సరం పండగ. ఎప్పటిలాగే రెండు ఊళ్ల ఆడవాళ్లూ ఒకే పెద్ద గుండిగ చుట్టూ చేరి మొలకల పాయసం కలిపారు. అనార్‌ఖాన్, మీర్జోషరీఫ్ పెళ్లాం బీబీసోరో ఒకే గరిటె పట్టుకుని పాటలు పాడుతున్నారు. దేశభక్తి అనేది ఆడవాళ్లలో తక్కువ.

మగవాళ్లం గుండిగకి అటు కొందరం, ఇటు కొందరం నిలబడ్డాం. మీర్జోషరీఫ్ నా వైపు చూడలేదు. నేను చూసినప్పుడల్లా వాడు చూడడం లేదని గమనించాను.

ఏప్రిల్ 4

వాడి గురించి అసలు ఆలోచించడం లేదు.

ఏప్రిల్ 5

ఇవాళ కూడా ఆలోచించలేదు.

ఏప్రిల్ 17

నా మొక్కలకు మాత్రమే నీళ్లు పెట్టే ఉపాయం దొరకడం లేదు. కాలువ తెరిస్తే నీళ్లు నేరుగా పోయి వాడి వరసలో కూర్చుంటున్నాయి. మట్టికట్ట వేస్తే దాని కింద నుంచి పోతున్నాయి. చివరికి గాడిద మీద డబ్బాలు వేసుకుని ఒక్కో మొక్కకూ పోశాను. వాడు పార మీద గడ్డం ఆనించుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఒరే సబీర్‌కుల్, ఆ గాడిదకి పాస్‌పోర్టు ఉందా? నా వరస తొక్కుతోంది."

"నీ వరసే నా చేలో ఉంది. ముందు దానికి చూపించు పాస్‌పోర్టు."

"నీ చేనా? నీ జన్మలో దీంట్లో ఒక్క రాయి ఏరావా?"

"నువ్వేరావా?"

"ఏరాను. కుప్ప చూడు."

చూశాను. పెద్ద కుప్పే. ఒక రాయి తీసి చేలోకి విసిరేసి ఇంటికొచ్చాను. గెలిచినట్టే లెక్క.

మే 6

ఎర్గెష్ హుకుం: మన మొక్కలు ఏవో తెలియాలి కాబట్టి మొదళ్లకు సున్నం వెయ్యాలట. వేశాను. తెల్లారి చూస్తే వాడి మొక్కలకీ సున్నం ఉంది. "నేను ఏటా వేస్తానురా, చీమలకి" అన్నాడు.

మే 28

రెండు ఊళ్లవాళ్లూ రాళ్లు రువ్వుకున్నారు. ఎవరో కాలువకి అడ్డం వేశారట, ఇంకెవరో ఎవరి తల్లినో తిట్టారట. మొదలుపెట్టింది వాళ్లే. వాళ్లు మేమే అంటున్నారని విన్నాను. అబద్ధాలకి అంతుండాలి.

నేనూ ఒక రాయి వేశాను. ఈ వయసులో చెయ్యి చెప్పిన మాట వినడం లేదు. అది వెనక్కి పోయి మా ఎర్గెష్ కారు అద్దం పగలగొట్టింది. సాయంత్రం టీవీ వాళ్లు వస్తే ఎర్గెష్ ఆ అద్దం పక్కన నిలబడి, శత్రువు గురి చూసి కొట్టాడని చెప్పాడు. నేను సరిదిద్దలేదు. దేశరక్షణ విషయాల్లో మామూలు మనుషులు తలదూర్చకూడదు.

జూన్ 3

రెండు దేశాలూ సైనికుల్ని దింపాయి. చేను ఇటు చివర మావాళ్ల గుడారం, అటు చివర వాళ్ల గుడారం. ఇకనుంచి ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి పోకూడదు. దుకాణానికీ పోకూడదు, పెళ్లికీ పోకూడదు. రాళ్లచేలోకి ఎవరికీ ప్రవేశం లేదు, అక్కడ చెట్లున్నవాళ్లకు తప్ప. వాళ్లకి చీటీ ఇస్తారు.

చెట్లున్నవాళ్లు ఇద్దరే. నేనూ, ఆ నక్కా.

జూన్ 11

కాపలా కాయకపోతే వాడు ఏం చేస్తాడో తెలియదు కాబట్టి రోజూ వెళ్లాల్సి వస్తోంది.

"రోజూ పోతున్నావు, కొత్త పెళ్లికొడుకులాగ" అంది అనార్‌ఖాన్. టీ ఫ్లాస్కుతో పాటు రెండు గిన్నెలు కట్టింది.

"రెండెందుకే?"

"ఒకటి పగిలితేనో?"

ముందుచూపు ఉన్న మనిషి. పగలలేదు గానీ, రెండోది ఊరికే ఉండడం ఎందుకని వాడికి పోశాను. మాట్లాడలేదు. టీ పల్చగా ఉందని వాడు అన్నాడు, నీ అబ్బ సొమ్మా అని నేనన్నాను, అంతే.

జూన్ 14

నడుం పట్టేసింది. నీళ్ల డబ్బా ఎత్తుతుంటే కలుక్కుమంది. అనార్‌ఖాన్ గొర్రె కొవ్వు పట్టించి, నన్ను చాపలా చుట్టి పడేసింది. నా మొక్కలు ఏమవుతాయో! ఎండలు ముదురుతున్నాయి.

జూన్ 27

ఇది మాత్రం కోర్టులో చెప్పి తీరాలి.

ఇవాళ లేచి వెళ్లాను. మొక్కలు పచ్చగానే ఉన్నాయి. మొదట సంతోషించాను. దగ్గరికి పోయి చూస్తే ప్రతి మొక్క కాండానికీ రంగు గుడ్డపీలిక చుట్టి ఉంది. పైకొమ్మ వంచేసి ఉంది. నా మొక్కలన్నిటికీ అంటు కట్టేశాడు! నేను మంచం మీద మూలుగుతుంటే వాడు కత్తి పట్టుకుని నా వరసల్లో తిరిగాడు!

"ఒరేయ్, నా చెట్ల మీద కత్తి పెట్టావా?"

"చెట్లా అవి? చేదు గింజల పిల్లలు. వాటి పండు తింటే గాడిద కూడా నిన్ను తిడుతుంది. రోజూ వాటి మొహం చూళ్లేక చస్తున్నానురా."

"మా దేశపు చెట్లురా అవి!"

"అయితే? మీ దేశానికి మంచి పండు కాస్తే తప్పా?"

ఎప్పుడూ ఇలాంటి ప్రశ్నలే వేస్తాడు. అందుకే బీపీ పెరిగింది.

కట్టింది వాడి పెరట్లో ఉన్న కందక్ రకం ఆప్రికాట్. తేనెలా ఉంటుంది. ఇస్ఫారా బజారులో అడిగి మరీ కొంటారు. ముప్పై ఏళ్లుగా నేను ఒక్క కొమ్మ అడుగుతుంటే రేపు మాపు అంటూ ఇవ్వనివాడు, ఇప్పుడు అడగకుండా కట్టాడు. ఇది దురాక్రమణ కాక ఏమిటి?

పీలికలు పీకేద్దామని చెయ్యి పెట్టాను. అంటు అతుక్కుంది. చిన్న ఆకుపచ్చ మొన బయటికి వచ్చింది. అందుకని తీయలేదు. సాక్ష్యంగా ఉంచుతున్నాను.

కింద పడి ఉన్న పీలిక ఒకటి తెచ్చి అనార్‌ఖాన్‌కి చూపించాను. ఆవిడకి నాకంటే కోపం వచ్చింది.

"ఇది బీబీసోరో పెళ్లినాటి పట్టు గౌను గుడ్డ! నాకిస్తా నాకిస్తా అని ఆశపెట్టి, చెట్లకి కట్టిందా!"

జులై 9

సాక్ష్యాలు బాగా పెరుగుతున్నాయి. ఒక్కోటీ జానెడైంది.

జులై 22

వాడు లేడు. కంటి ఆపరేషన్ కోసం ఖుజాంద్‌లో కూతురి దగ్గరికి వెళ్లాడని అటువైపు సైనికుడు అరిచి చెప్పాడు. నేను అడగలేదు. అంటే, అడిగాను గానీ ఊరికే అడిగాను.

చేను ప్రశాంతంగా ఉంది. టీ కూడా ఎక్కువైపోయి పారబోశాను.

జులై 30

కాలువ అడుగంటింది. వాడి వరస వాడిపోతోంది. మంచిదే. అవి పోతే నేల మనది. ఎర్గెష్ కబురు పంపాడు: "బావా, వాళ్ల మొక్కలకి చుక్క నీరు పోకుండా చూసుకో."

చూసుకున్నాను. నా డబ్బాలోంచి నా మొక్కకే పోశాను. పక్క మొక్కకి కాస్త ఒలికింది. ఒలికితే నేనేం చేయను? తర్వాతి మొక్క దగ్గరా ఒలికింది. నడుం నొప్పి ఉన్నవాడి చేతిలో డబ్బా నిలకడగా ఉండదు. గాడిదతో ఇంకో నాలుగు సార్లు తిరగాల్సి వచ్చింది.

ఆగస్టు 2

అయినా కొన్ని చచ్చిపోయాయి. వరసలో అక్కడక్కడా ఖాళీలు పడ్డాయి. ఎంత తిన్నగా నాటాడు వెధవ! పెరట్లో రేకు డబ్బాల్లో పెంచుకున్న నా మొక్కలు తెచ్చి, డబ్బా కోసి వేరు కదలకుండా ఆ గుంటల్లో పెట్టేశాను. వ్యూహమే ఇది. వాడి వరసలోనే మన వేరు దింపాను. ఎర్గెష్‌కి మాత్రం ఇంకా చెప్పలేదు.

ఆగస్టు 10

వచ్చాడు. కంటికి నల్లద్దాలు. వరసంతా నడిచి ఒకచోట ఆగాడు.

"ఇవి నావి కావే."

"నీవే. ఎండకి రంగు మారాయి."

వంగి ఆకు నలిపి వాసన చూశాడు. ఆ కంటితో ఏడవకూడదని డాక్టరు చెప్పి ఉంటాడు, ముక్కు చీదాడు.

"చేదు మొహాలు" అని జేబులోంచి కత్తి తీశాడు.

నేను పీలికలు చింపి ఇచ్చాను. ఈసారి అనార్‌ఖాన్ దుపట్టా.

సెప్టెంబరు 12

కమిషన్ వచ్చే నెల వస్తోంది. ఎవరి చెట్లు ఎక్కువ బతికి ఉంటే చేను వాళ్లదే. ఎర్గెష్ నన్ను గుడారం దగ్గరికి లాక్కెళ్లి, దుర్భిణి పెట్టి చూశాడు.

"బావా, ఆ నడుమెత్తు పెరిగినవన్నీ మనవేగా?"

"మొదళ్లు మనవే."

"మొదళ్లేంటి? పైన?"

చెప్పాను. వాడు మెల్లగా రాయి మీద కూర్చున్నాడు.

"పరాయి దేశపు కొమ్మకి నీళ్లు మోశావా బావా? పోనీ పక్క వరసైనా వాళ్లదని తేలిగ్గా గుర్తుపట్టొచ్చా?"

అదీ చెప్పాను. అక్కణ్ణుంచి లేవడానికి వాడికి చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

అక్టోబరు 14

కమిషన్ వచ్చింది. మా రాజధాని బిష్కెక్ నుంచి ఒక పెద్దమనిషి, వాళ్ల రాజధాని దుషాన్బే నుంచి ఒక పెద్దమనిషి, ఇద్దరికీ ఒకే రకం టోపీలు. నా మొదటి మొక్క దగ్గరే ఆగిపోయారు.

"ఎవరిది?"

"నాది" అన్నాను.

"నాది" అన్నాడు మీర్జోషరీఫ్.

"చెట్టంటే వేరండీ. వేరు లేకపోతే చెట్టెక్కడిది?" అన్నాడు మా పెద్దమనిషి.

"మీ ఇంట్లో వేర్లు తింటారా? కాసేది కొమ్మ" అన్నాడు వాళ్ల పెద్దమనిషి.

అలా మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. ఆ తర్వాత మీర్జోషరీఫ్ వరసలో నా రేకు డబ్బాల మొక్కలు బయటపడ్డాయి. అప్పటికి వాళ్ల పెద్దమనిషి, వేర్లు లెక్కలోకి రావు, కొమ్మలే లెక్క అని తేల్చేసి ఉన్నాడు కాబట్టి సంతోషించాడు. కానీ అంటు కట్టింది అనార్‌ఖాన్ దుపట్టాతో అని తెలిసి మా పెద్దమనిషి మళ్లీ లేచాడు. డాక్టరమ్మ మాట గాలికొదిలేసి నేనూ అరిచాను. ఎన్ని నెలలైందో గొంతు విప్పి! మీర్జోషరీఫ్ ఇంకా గట్టిగా అరిచాడు. మధ్యలో వాడికి దగ్గు వస్తే టీ పోశాను.

అక్టోబరు 16

తీర్పు వచ్చింది. ఎటూ తేలలేదు కాబట్టి తేలేదాకా చేను ఖాళీగా ఉండాలి. శుక్రవారంలోపు ఎవరి చెట్లు వాళ్లు పీకేయాలి. ఒక దేశం వాళ్లు ఇంకో దేశపు మనిషి చెట్టు ముట్టుకోకూడదు.

అన్నం సయించలేదు. అనార్‌ఖాన్ కూడా ఒక్క మాట ఎత్తిపొడవలేదు. అది ఇంకా భయంగా ఉంది.

అక్టోబరు 17

ఎర్గెష్ ట్రాక్టర్ తెచ్చాడు. "నీ చెట్లు, నువ్వే నడుపు బావా. కానిచ్చెయ్."

ఎక్కాను. ఇంజను ఆడుతోంది. ఎదురుగా నా మొదటి మొక్క, ఆకులు పసుపు రంగుకి తిరిగి ఉన్నాయి. అవతలి చివర మీర్జోషరీఫ్ గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. ఎత్తడం లేదు. రెండు ఊళ్లూ చెరో గుడారం వెనక గుమిగూడి చూస్తున్నాయి.

ఇంజను ఆపి దిగాను.

"ఇవి నావి కావు" అన్నాను.

"మొన్న నీవే అన్నావుగా!" అన్నాడు ఎర్గెష్.

"మొన్న బుద్ధి లేక అన్నాను. కాసేది కొమ్మ. కొమ్మలు వాడివి. వాడి చెట్లు నేను ముట్టుకుంటే యుద్ధం వస్తుంది."

అటునుంచి మీర్జోషరీఫ్ గొడ్డలి పడేసి కేకేశాడు. "అన్యాయం! వేరు లేకపోతే చెట్టెక్కడిది? వేర్లు వాడివి! అన్నీ వాడివే!"

"నీవే!"

"నీవేరా దొంగా!"

అంతే. మా ఊరంతా "మీవే, మీవే" అని అరిచింది. వాళ్ల ఊరంతా "కాదు, మీవే" అని అరిచింది. ఏడాది పొడుగునా మాది మాదని రాళ్లు రువ్వుకున్న నోళ్లే ఇవి. సైనికులు తుపాకులు పట్టుకుని నవ్వు ఆపుకోలేక వంగిపోయారు. చెట్లు పీకడం చూడ్డానికి ఆగిన కమిషన్ పెద్దమనుషులిద్దరూ టోపీలు తీసి తలలు గోక్కున్నారు. కిర్గిజ్‌లో, తాజిక్‌లో, రష్యన్‌లో రాయించి సంతకాలు పెట్టమన్నారు: "ఈ చేలో నాకు చెట్లు లేవు." నేను పెట్టాను. వాడూ పెట్టాడు. నా సంతకం ఇంత అందంగా ఎప్పుడూ రాలేదు.

అక్టోబరు 20

తేలిపోయింది. అవి ఎవరివీ కాని చెట్లట. కాబట్టి పీకే హక్కు ఎవరికీ లేదట! అనార్‌ఖాన్ పలావు వండింది. ఎర్గెష్ వచ్చి మొహం మాడ్చుకునే రెండు సార్లు వడ్డించుకున్నాడు. చెట్లు బతికాయి. ఇంత హాయిగా నవ్వి ఎన్నేళ్లయిందో.

అక్టోబరు 23

పొద్దున్నే చేను దగ్గరికి వెళ్లాను. ఎందుకంటే, ఆ సంతకం పెట్టినప్పుడు వాడి మొహం ఎలా ఉందో వాడికే చెప్పి నవ్వాలని. ఆరు రోజులుగా ఆ మాటే కడుపులో దాచుకున్నాను.

ముళ్లకంచె వేస్తున్నారు. గుడారం దగ్గర సైనికుడు నా చీటీ తీసుకుని చూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది చెట్లున్నవాళ్లకే తాతా. మీకు లేవని రాసిచ్చారుగా."

అవును, రాసిచ్చాను.

అవతలి చివర మీర్జోషరీఫ్ కనిపించాడు. వాడూ వాళ్ల సైనికుడితో చేతులు తిప్పుతూ ఏదో వాదిస్తున్నాడు. వాడి చీటీ కూడా పోయింది. అంత దూరానికి కేకలైతే వినపడతాయి గానీ మాట వినపడదు.

నేను సైనికుడి చెయ్యి పట్టుకున్నాను. "బాబూ, నేను చెట్ల కోసం రాలేదు. అదిగో, ఆ నల్లద్దాల వాడు నా స్నేహితుడు. వాడితో ఒక మాట చెప్పి వచ్చేస్తాను."

ఈ మాట నా నోటితో నేనే విన్నాను. ఏడాదంతా ఒక్కసారి కూడా అనలేదు.

కుర్రవాడు మంచివాడే. గుడారానికి తగిలించిన కాయితం పైనుంచి కింద దాకా వేలు పెట్టి చదివాడు. పొలం ఉన్నవాళ్లకి అనుమతి ఉంది, గొర్రెలు తప్పిపోయినవాళ్లకి ఉంది, అటువైపు సమాధులున్నవాళ్లకి ఉంది.

"స్నేహితుడని లేదు తాతా" అన్నాడు.

మీర్జోషరీఫ్ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. మా మధ్య చెట్లన్నీ నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. ఒక్క చెట్టయినా నాదని ఒప్పుకుని ఉంటే, కనీసం దాన్ని పీకడానికైనా లోపలికి పోనిచ్చేవాళ్లు.